చిలికిన నీళ్ళు

మా చెల్లెలి కూతురు మాధవి పోయిన నెల వచ్చి కొన్నాళ్ళుండి వెళ్ళింది. కెన్యాలో ఉద్యోగం. అక్కడ కొండల్లోంచి దిగే ఒక ఏటికి చిన్న కట్ట కట్టి, బొగ్గూ పొగా లేకుండా కరెంటు తీసే కేంద్రం ఉందట, అందులో ఇంజనీరు. ఫోన్లో ఫోటోలు చూపించింది. పచ్చటి కొండవాలు, దాని మీదుగా దిగే లావుపాటి ఇనుప గొట్టం, కింద రేకుల షెడ్డు. "బాగానే ఉంది గానీ, ఇంత పచ్చటి చోట ఆ గొట్టం వెయ్యడానికి ఊరివాళ్ళు ఊరికే ఒప్పుకున్నారా?" అని అడిగాను. నాకు ఏది చూసినా ముందు అనుమానమే వస్తుంది. అది మా నాయన ఆస్తి. మిగతా ఆస్తి ఏమైందో గానీ ఇది మాత్రం పంపకాలు లేకుండా మొత్తం నాకే వచ్చింది.

మాధవి నవ్వింది. "ఎక్కడ ఒప్పుకున్నారు పెద్దమ్మా! మీటింగు పెడితే ఒక ముసలావిడ లేచి నిలబడి అడిగింది. మీరు నీళ్ళలోంచి కరెంటు తీసుకున్నాక కింద మా మొక్కజొన్నకు వచ్చే నీళ్ళలో ఏం మిగులుతుంది అని." మా చెల్లెలూ మరిదీ పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నేను విన్నదే. నా చిన్నప్పుడు గిద్దలూరు బజారులో ఆ మాట అన్నది మా నాయన. ఆ మాట వల్ల ఒక పల్లె ఏళ్ళ తరబడి చీకట్లో కూర్చుంది. నాయన దాన్ని నమ్మి చెప్పాడా, అమ్ముకోవడానికి చెప్పాడా అన్నది నన్ను సగం జీవితం తినేసింది.

మాది దీపాల దుకాణం. నాయనను ఊరంతా దీపాల శెట్టి అనేవాళ్ళు. ముందు దుకాణం, వెనక ఇల్లు. కిరసనాయిలు పీపాలు, లాంతర్లు, బుడ్డిదీపాలు, వత్తుల చుట్టలు, గడ్డిలో పొదిగిన చిమ్నీ గ్లాసులు, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే గ్యాసు లైట్లు. ఇంట్లో అన్నిటికీ కిరసనాయిలు వాసనే. అమ్మ పెట్టే చారుకూ అదే, మా జడలకూ అదే, పండగనాటి కొత్త బట్టలకూ అదే. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. మేమేమో చుట్టాల ఊరికి పోయినప్పుడు అక్కడి అన్నంలో ఏదో తక్కువైందని గొణుక్కునేవాళ్ళం. సాయంత్రం బడి నుంచి రాగానే నాకు పని సిద్ధంగా ఉండేది. చిమ్నీ గ్లాసులోకి నాయన చెయ్యి పట్టదు, నా చెయ్యి పడుతుంది. పాత పంచె గుడ్డకు ముగ్గుపిండి అద్దుకొని లోపలి మసి తుడిచేదాన్ని. తుడిచిన గ్లాసు నాయన వెలుతురుకు పట్టి చూసి, ఏ మూలో గీతంత మసి కనిపెట్టి, "ఇది ఎవురు తుడస్తారు, మీ మేనమామ వచ్చి తుడస్తాడా?" అనేవాడు.

పొద్దుగూకేటప్పుడు దుకాణం దూలానికి వేలాడే పెద్ద లాంతరు నాయనే వెలిగించేవాడు. వెలిగించి చేతులు జోడించేవాడు. ఆ కాసేపు బేరం ఆగిపోయేది. వచ్చినవాళ్ళు కూడా తువ్వాలు భుజం మీంచి తీసి దండం పెట్టేవాళ్ళు. మా వైపు మాట గట్టిది అని చెప్పాలంటే దీపం మీద చెయ్యి పెట్టి చెప్పడం ఆచారం. దీపం మీద చెప్పి తప్పినవాడి కళ్ళు పోతాయని భయం. గట్టు తగాదాలైనా, పెళ్ళి మాటలైనా మా దుకాణం దీపం దగ్గరికే వచ్చేవి. దీపాలు అమ్మేవాడు దీపం ముందు అబద్ధమాడడని జనానికి ఒక గురి.

అంత గురి ఉన్న మనిషి తాను మాత్రం ఎవరినీ నమ్మేవాడు కాదు. కిరసనాయిలు పీపా వస్తే మూత తీసి వాసన చూసి, వేలు ముంచి, వేలు అంటించి చూసి గానీ దించుకునేవాడు కాదు. రైలు స్టేషన్ గడియారాన్ని నమ్మడు. ఆస్పత్రి మాత్రను సగానికి విరిచి చూస్తాడు, లోపల ఏముందోనని. మన జిల్లా ఊరు కర్నూలే రాజధాని అయిందని బజారంతా మిఠాయిలు పంచుకుంటే, "ఎన్నాళ్ళుంటదో చూద్దాం తీ" అని మిఠాయి పక్కన పెట్టాడు. అది హైదరాబాదుకు పోయినప్పుడు ఆయన ఆనందం చూడాలి! ఎదురుపడిన ప్రతివాడినీ ఆపి "నేను చెప్పలే?" అన్నాడు. అమ్మ విసిగిపోయి, "రాజధాని పోతే ఊరంతా ఏడస్తాంది, నువ్వు ఒక్కడివే నవ్వుతాండావు" అని తిట్టింది.

ఆ రోజుల్లో నూనెకు వచ్చేవాళ్ళలో రూతమ్మ ఒకతె. నల్లమల వైపు, వాగు అవతల పల్లె. క్రైస్తవులు. ఆమే, ఆమె భర్త దేవదానమూ కూలికి పోయేవాళ్ళే గానీ, వాళ్ళకు కొంచెం మెట్ట ఉండేది. అందులో ఇద్దరే బావి తవ్వుకున్నారు. ఆయన గడ్డపార వేస్తే ఆమె మట్టి మోసింది. తియ్యటి నీళ్ళు పడ్డాయి. మా చుట్టుపక్కల నోట్లో పెట్టుకోలేని చవుడు నీళ్ళే ఎక్కువ గనుక అది పెద్ద వార్తే. కానీ ఆ నీళ్ళు పైకి రావాలంటే కపిలి తోలాలి. తోలు బొక్కెన మోకుకు కట్టి ఎద్దులతో లాగించాలి. వాళ్ళకు ఎద్దులు లేవు. పక్క రైతు తన పొలం తడుపుకొని, ఎద్దులకు ఓపిక మిగిలితే ఇస్తాడు. అవి వచ్చేసరికి ఆమె మిరపనారు తల వాల్చేసి ఉండేది. ఇదంతా ఆమె మా దుకాణం మెట్ల కింద నిలబడి చెప్పేది. మెట్లు ఎక్కేది కాదు, ఎక్కనిచ్చేవాళ్ళం కాదు. నాయన నూనె పైనుంచి గరాటులో పోసేవాడు, దాహమంటే అమ్మ ఆమె దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోసేది. అప్పుడు నాకు అది తప్పని తెలియదు. ఇప్పుడు తలుచుకుంటే తల దించుకోవాలనిపిస్తుంది.

అట్లాంటి రోజుల్లో కరెంటు ఓవర్సీరు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, తెల్ల ప్యాంటు, చేతిలో గొడుగు. ఎక్కడో పెద్ద నదికి కట్ట కట్టారట, ఆ కరెంటు మన వైపు వస్తోందట. ముందు బావులకు మోటార్లు. తగినన్ని బావుల వాళ్ళు సరేనంటేనే ఏ పల్లెకైనా స్తంభాలు పాతుతారు, లేకుంటే లైను ఇంకో దిక్కుకు తిరిగిపోతుంది. సంత రోజున మా అరుగు మీద కూర్చొని రైతులందరికీ ఇది చెప్పాడు. వాగు అవతలి పల్లెవాళ్ళు చాలామంది ఉన్నారు. దేవదానమూ రూతమ్మా కింద నిలబడి వింటున్నారు. మోటరు పెట్టుకుంటే ఎద్దులతో పనిలేదు అన్న మాట విని ఆమె ముఖం విప్పారడం నేను చూశాను. ఎవరి దయా అక్కర్లేదు, తన బావి తన చేతిలో ఉంటుంది. దేవదానం భుజం మీద తట్టి, "విన్నావా?" అంది.

నాయన పీపా మీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. "అయ్యా, నీళ్ళలో కరెంటు ఎక్కడుంటాది?" అని అడిగాడు. ఓవర్సీరు మంచివాడే. రైతులకు అర్థమయ్యేట్టు చెప్పాలనుకున్నాడు, అదే ముంచింది. "మజ్జిగ చిలికినట్టేనండీ. పెద్ద చక్రం నీళ్ళను చిలుకుతుంది, కరెంటు వస్తుంది" అన్నాడు.

"చిలికితే వెన్న వచ్చినట్టా?"

"అంతేనండీ, సరిగ్గా పట్టుకున్నారు!" అని ఓవర్సీరు సంబరపడిపోయాడు. మరుసటి పల్లెకు పోవాలని గొడుగు తీసుకొని వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక నాయన రైతుల వైపు తిరిగాడు. "విన్నారు గదా, ఆయనే చెప్పినాడు. వెన్న తీసినాక మిగిలేది ఏంది? ఉత్త మజ్జిగ. నీళ్ళలో సారం తీసి తీగలో పంపిస్తాండారు. ఆ తీగ తెచ్చి నీ బావిలో పెడితే నీ బావి నీళ్ళను గూడా అట్లే చిలుకుతాది. సారం పోయిన నీళ్ళు కట్టి పంట పండించుకోండి మరి, చూద్దాం!"

లోపల్నుంచి అమ్మ గొంతు వినిపించింది. "మనం రోజూ తాగేది మజ్జిగే గదా. చచ్చినామా?" ఎవరూ పట్టించుకోలేదు. అప్పటికి పొద్దు వాలింది. నాయన లాంతరు వెలిగించి దండం పెట్టాడు. పల్లె పెద్దరైతు ఒకాయన ముందుకొచ్చి, "శెట్టీ, నీ కాడ ఏ తగాదా లేదు మాకు. నువ్వు చెప్పింది నిజమేనా? దీపం మీద చెప్పు" అన్నాడు. నాయన ఏమాత్రం తడుముకోలేదు. లాంతరు గ్లాసు మీద అరచెయ్యి పెట్టి, "నాకు తోచింది నిజం. చిలికితే సారం పోతాది" అన్నాడు. చెయ్యి చుర్రుమంటున్నా తియ్యలేదు. నాకు గర్వంగా అనిపించింది. కింద రూతమ్మ తల వంచుకొని నూనె సీసా కొంగులో చుట్టుకుంటోంది. మోటరు సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. దీపం మీద చెప్పాడు గదా.

పల్లెవాళ్ళు వద్దన్నారు. స్తంభాలు వాగు ఇవతలనుంచే తిరిగి ఇంకో ఊరికి పోయాయి. ఆ ఊళ్ళో మోటార్లు మోగాయి, మిరప బాగానే కాసింది. నాయన మాత్రం "మొదటి ఏడు అట్లే ఉంటాది, ముందుంది" అన్నాడు. వాగు అవతల రూతమ్మ నారు ఆ ఎండాకాలం మాడిపోయింది, మరుసటి ఏడూ మాడిపోయింది. తియ్యటి నీళ్ళు బావిలో కనపడుతూనే ఉన్నాయి, పైకి తెచ్చే దారి లేదు. తన మిరప ఎండగట్టుకొని, మొగుడూ పెళ్ళామూ గుంటూరు వైపు ఎవరి మిరపకాయలో కోయడానికి వలస పోయారు. ఆ మాట ఆమె నవ్వుతూనే చెప్పింది. నాయన "ఘాటుకు ముక్కుకు గుడ్డ కట్టుకోండి" అని జాగ్రత్త చెప్పాడు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు ముక్కు మూసుకునే ఆ పిల్లే ఒకరోజు అందరి ముందూ అంది. "మీ నాయన కిరసనాయిలు అమ్ముకోవడానికి ఆ పల్లెకు కరెంటు రానియ్యలేదంట గదా." తిట్టాను, కొట్టినంత పని చేశాను. కానీ ఇంటికి వచ్చేసరికి ఆ మాట నాతోపాటు వచ్చేసింది. అప్పటినుంచి నాయన మీద నిఘా పెట్టాను. వాగు అవతలివాళ్ళు నూనెకు వస్తే ఆయన ముఖం చూసేదాన్ని. లోపల సంతోషిస్తున్నాడా? కొత్త లాంతర్లు దింపితే, ఇవి ఎవరి చీకటికి అనుకునేదాన్ని. లెక్కల అయ్యవారు క్లాసులో చెప్పింది ఇంటికొచ్చి ఆయన ముందు పెట్టాను. "నాయనా, కరెంటు తీస్తే నీళ్ళలో ఏమీ పోదంట." ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఏమీ పోకుండా ఏదన్నా వచ్చేది ఈ దుకాణంలో నేనెప్పుడూ చూడలే అమ్మా." అదే మాట ఇన్నేళ్ళకు మాధవితో అంటే, "తాతయ్య అన్నది సగం కరెక్టే పెద్దమ్మా. పోయేది ఎత్తు. నీళ్ళు పైనుంచి కిందికి దిగాయి గదా, ఆ దిగడమే కరెంటు. నీళ్ళు నీళ్ళే" అంది. ఓవర్సీరు ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఏమయ్యేదో.

అమ్మను కూడా అడిగాను. వంటింట్లో కందిపప్పు ఏరుతోంది. "నాయన అబద్ధం చెప్పినాడా?" అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి నవ్వింది. "మీ నాయనకు అబద్ధం చెప్పేంత తెలివి యాడిది? తనకు ఏది లాభమో అది నిజమని ముందు తానే నమ్ముతాడు. నమ్మినాకనే నోరు తెరుస్తాడు." ఆ మాటతో నా బాధ తగ్గకపోగా రెట్టింపయింది. నమ్మడం కూడా బేరంలాగే చేస్తారా మనుషులు?

తర్వాత గిద్దలూరు బజారుకు కరెంటు దీపాలొచ్చాయి. మా ఎదురింట్లో, పక్కింట్లో బల్బులు. మా ఇల్లొక్కటే లాంతరు. నాయన ససేమిరా అన్నాడు. ఊరికి మోటరుతో తోడిన కుళాయి నీళ్ళొస్తే, ఆయన ఒక్కడే బిందె భుజాన పెట్టుకొని సత్రం వెనక చేద బావికి నడిచేవాడు. నేను దాన్నీ నమ్మలేదు. దీపం మీద చెప్పాడు గనుక బజారు ముందు తలెత్తుకోవాలి, అందుకే ఈ నాటకం అనుకున్నాను. కన్నతండ్రి తాగే నీళ్ళను కూడా అనుమానించిన దాన్ని నేను. ఇప్పుడూ అంతే. పొలాల్లో సోలారు పలకలు పెడతామని కౌలు కాగితాలు పట్టుకొని కుర్రాళ్ళు వస్తే, సంతకం పెట్టకముందు నాలుగుసార్లు చదివించుకుంటాను. ఎండలో సారం పోతుందని భయం లేదు, పోతే పోనీ, మాకు ఎండ కొదవా! కాకపోతే ఏమీ పోకుండా ఏదన్నా వస్తుందా అన్న నాయన గొంతు లోపల గొణుగుతూనే ఉంటుంది.

జిల్లా మారి కచేరీలన్నీ ఒంగోలుకు పోయిన తర్వాత, చాలా ఆలస్యంగా, వాగు అవతలి పల్లెకూ లైను పడింది. ఆ కబురు నాయనకు చెప్పొద్దని అమ్మ మాకందరికీ గట్టిగా చెప్పింది. అప్పటికే దుకాణం మూతపడింది, ఆయన మంచం పట్టాడు. నేను పెళ్ళై ఇద్దరు పిల్లలతో చూడటానికి వచ్చాను. ఎండాకాలం. చుట్టూ బోర్లు పడి సత్రం బావి ఎండిపోయింది, బజారులో చేతితో తోడిన నీళ్ళనేవే లేవు. నాయన కుళాయి నీళ్ళకు పెదవి విప్పడం లేదు. చెంచాతో పోస్తే పళ్ళు బిగించేవాడు. పెదాలు పగిలి నెత్తురు కనపడుతోంది. చూడటానికి వచ్చేవాళ్ళు లేరు, దుకాణం లేదు, ఎవరి ముందు తలెత్తుకోవాలి ఇంక? అప్పుడు అర్థమైంది నాకు. ఆయన నమ్మాడు. మొదటినుంచీ మనసారా నమ్మాడు. మోసం చేసి ఉంటే కోపమన్నా తెచ్చుకునేదాన్ని. మంచం పక్కన కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చాను.

"రూతమ్మ బావి నీళ్ళు తెప్పియ్యి" అన్నాడు ఆయన. "ఆ బావికి తీగ తగల్లే. నేనే తగలనియ్యలే."

అమ్మ నా వైపు చూసింది. ఆ ఇంటి నీళ్ళు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ముట్టలేదు. అయినా అమ్మ పల్లెకు కబురు పంపింది. మరునాడు మధ్యాహ్నం రూతమ్మ వచ్చింది. తల నెరిసింది, కొత్త కుండ చంకలో పెట్టుకొని, మూతికి తడిగుడ్డ కట్టి తెచ్చింది. మెట్ల దగ్గర ఆగిపోతే అమ్మే చెయ్యి పట్టుకొని లోపలికి తెచ్చి, నాయన ఇత్తడి చెంబు ఆమె చేతికిచ్చింది. రూతమ్మ కుండ వంచి, చెంబు ఆయన నోటికి అందించింది. గటగటా తాగాడు. గడ్డం మీదుగా కారాయి.

"ఇవీ నీళ్ళంటే" అన్నాడు. "సారం చూడు. నీ బావికి తీగ రాలే గదా రూతమ్మా?"

"నువ్వు దీపం మీద చెప్పినాక యాడొస్తాది సామీ."

నాయన కళ్ళు మూసుకున్నాడు. ముఖం తేటపడింది. నేను రూతమ్మను అరుగు మీదికి తెచ్చి కూర్చోబెట్టాను. నా అనుమానం ఊరుకోదు గదా, అడిగాను. "అత్తా, కపిలి తోలిందెవరు? ఎద్దులెక్కడివి?"

ఆమె నా వైపు చూడలేదు. ఖాళీ దుకాణం తలుపుల వైపు చూస్తూ చెప్పింది. "మోటరు నీళ్ళే అమ్మా. ముసలాయనకు చెప్పబాకు. దేవదానం ఆ మోటరు చూడకుండానే పోయినాడు. చివరి దాకా వలసపోయి కోసుకుంటా, బావి బావి అంటా పోయినాడు. ఆ మాట మీ నాయన మొగానే అడుగుదామని బయలుదేరినా. దారంతా అదే అనుకుంటా వచ్చినా. ఆ పెదాలు చూసినాక..."

లోపల్నుంచి నాయన గొంతు సన్నగా వినపడింది.

"రూతమ్మా, ఇంకొంచెం పొయ్యమ్మా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది. "వస్తాండా సామీ" అని లోపలికి నడిచింది.